క్రేనక్క కండబలం

ఆసుపత్రి సెల్లారులో బట్టలుతికే చోట ఆమెను అందరూ క్రేనక్క అనేవారు. అసలు పేరు భర్తకూ, చెల్లెలికీ, హాజరు వేసే గుమాస్తాకూ తప్ప ఎవరికీ తెలియదు. గుమాస్తా కూడా ఒక్కోసారి తడుముకునేవాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. అక్కడి ఉతికే యంత్రాలు మనిషి నిలువెత్తు ఉంటాయి. పై వార్డుల దుప్పట్లూ, దిండు గలీబులూ, ఆపరేషను గదుల ఆకుపచ్చ బట్టలూ వాటిలో గిరగిరా తిరిగి, ఒకదానికొకటి మెలిపడి, చివరికి ఒక పెద్ద తడి ముద్దగా తేలతాయి. ఆ ముద్దను బయటికి లాగి తోపుడు బండిలో వెయ్యాలంటే మామూలుగా ఇద్దరు కావాలి. క్రేనక్క ఒక కాలు యంత్రం అంచుకు తన్నిపెట్టి, చేతులు రెండూ భుజాల దాకా లోపలికి పోనిచ్చి, "రావే తల్లీ, లోపల ఏం పెట్టుకుని కూర్చున్నావు?" అని మందలిస్తూ ఒక్క ఊపున లాగేసేది. నీళ్ళు మోచేతుల మీదుగా కారి జాకెట్టంతా తడిసిపోయేది. పక్కన ఉన్నవాళ్ళు చేయి వెయ్యబోతే ఒప్పుకునేది కాదు. "మీరు అడ్డం రాకపోతే అదే సాయం," అనేది.

ఆమె పెళ్ళి కూడా ఆ చేతుల వల్లే జరిగింది. ఒకసారి బట్టలు మార్చుకునే గదిలో తన ఇనుప బీరువా తాళంచెవి పోయింది. బస్సుకు వేళవుతోంది. రెండుసార్లు కుదిపి చూసి, మూడోసారి తలుపు మడతబందులతో సహా ఊడబెరికింది. మర్నాడు సూపర్వైజరు తిట్టి, ఆసుపత్రి గేటు ఎదురుగా చిన్న బడ్డీలో మారుతాళాలు చేసే ఆయనను పిలిపించాడు. ఆయన ఆ తలుపును అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఏ గడ్డపారతో తీశారండీ?" అని అడిగాడు. ఆడవాళ్ళంతా కిసుక్కున నవ్వి క్రేనక్క వైపు చూశారు. ఆయన తలుపు బిగించేసి వెళ్ళిపోయాడు గాని, ఆ తర్వాత ఏదో ఒక నెపంతో సెల్లారు మెట్లు దిగుతూనే ఉన్నాడు. ఒకసారి నూనె వెయ్యాలంటాడు, ఇంకోసారి మర వదులైందేమో చూడాలంటాడు. చివరికి క్రేనక్కే విసుగెత్తి, "ఏమయ్యా, ఆ తలుపుకి నువ్వు పోసిన నూనెతో ఈ పాటికి దీపం వెలిగించొచ్చు. అడగాల్సిందేదో అడిగెయ్," అంది. అడిగాడు.

పిల్లలు కలగలేదు. క్రేనక్కకు ఉన్నదల్లా ఒక్క చెల్లెలు. సిటీ బస్సులో కండక్టరు. అమ్మా నాన్నా పోయాక అక్క ఇల్లే ఆమెకు పుట్టిల్లు. డ్యూటీ దిగి, భుజాన తోలుసంచీతోనే వచ్చి వంటింటి గడప మీద కూలబడి, ఆనాటి ప్రయాణికుల గొంతులన్నీ అనుకరించి చూపేది. తాళాలాయన నవ్వలేక పొట్ట పట్టుకునేవాడు. ముగ్గురిదీ ఒకరి మాట మీద ఒకరు మాట వేసుకునే ఇల్లు.

నలభై దగ్గర పడుతుండగా క్రేనక్కకు ఒంటినొప్పులు మొదలయ్యాయి. అందులో వింతేమీ లేదు. సెల్లారులో పనిచేసే ఆడవాళ్ళందరికీ నొప్పులే. అయితే మిగతావాళ్ళకు ఒక రాత్రి నిద్రపోతే తగ్గేవి, ఈమెకు తగ్గేవి కావు. ఒకవేళ నొప్పి తగ్గినా, అంతకుముందున్న సత్తువ తిరిగి వచ్చేది కాదు. ప్రతి బరువూ ఆమె దగ్గర నుంచి కొంచెం పట్టుకుపోతున్నట్టే ఉండేది. పీట మీద కూర్చుంటే లేవటానికి మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, తన ఒంటిమీదే తాను ఎగబాకినట్టు లేచేది. పై దండెం మీది తువ్వాలు అందుకోబోతే చేయి సగంలో ఆగిపోయేది. ఆమె మాత్రం దాన్ని నవ్వులాటకు తిప్పేసేది. "ఇన్నాళ్ళూ బట్టల నీళ్ళు పిండాను, ఇప్పుడవి నన్ను పిండుతున్నాయి."

ఒకనాడు తడి ముద్ద ఆమె చేతుల్లోంచి జారి మళ్ళీ యంత్రంలోకే పడిపోయింది. రెండోసారీ పడిపోయింది. కొత్తగా చేరిన ఒక పిల్ల సరదాకు, "క్రేను పాడైందక్కోయ్!" అంది. ఎవరూ నవ్వలేదు. క్రేనక్క నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. ఆ రోజు మొదటిసారి ఇద్దరు వచ్చి చెరో పక్కా పట్టుకున్నారు. ఆమె వద్దనలేదు.

తాళాలాయన ఊరుకునే మనిషి కాదు. ఏది బిగుసుకుపోయినా నూనె వేసి, తట్టి, తిప్పి దారికి తేవచ్చని ఆయన నమ్మకం. మొదట చూపించుకున్న డాక్టరు కూడా ఒళ్ళు బద్ధకించిందనీ, వ్యాయామం చేయించమనీ అన్నాడు. ఇక చూడాలి. వాళ్ళుండేది పై అంతస్తు, లిఫ్టు లేదు. పొద్దున్నే భార్యను మెట్ల దగ్గరికి తీసుకుపోయి కిందికీ పైకీ నడిపించేవాడు. తాను వెనక మెట్టు మీద నిలబడి, "ఇంకొక్కటోయ్, ఇంకొక్కటి. అంతే, ఇంకొక్కటి," అని ఉత్సాహపరిచేవాడు. ఇసుక నింపిన సీసాలు చేతులకిచ్చి ఎత్తించేవాడు. ఆమె పళ్ళు బిగించి ఎత్తేది. మొండిమనిషి కదా, తప్పించుకోవాలని ఎప్పుడూ చూడలేదు. పైగా ఆయన ముఖంలో ఆశ చూస్తే కాదనబుద్ధి అయ్యేది కాదు. తొడలు నిప్పుల్లా మండేవి. మంట పుడితే కండ పెరుగుతున్నట్టేనని ఇద్దరూ అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చేసరికి అక్క మెట్ల మలుపులో కూర్చుని ఉంది. పడిపోయి చాలాసేపైందట. దెబ్బ తగల్లేదు, లేవలేకపోయింది, అంతే. పక్కింటివాళ్ళను పిలవటానికి నామోషీ పడి, గోడకానుకుని, సంచీలోంచి జారిన ఉల్లిపాయలను ఒళ్ళో పోగేసుకుని అలాగే ఉండిపోయింది.

"ఎంతసేపైందే నువ్వు ఇక్కడ కూర్చుని?"

"గాలి బావుందని కూర్చున్నా."

"అక్కా!"

"అరవకు. చెయ్యివ్వు ముందు."

చెల్లెలు చేయిచ్చింది, చాలలేదు. వెనక నుంచి చంకల కింద చేతులు వేసి ఎత్తాల్సి వచ్చింది. చిన్నప్పుడు జ్వరం వస్తే తనను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిన మనిషి ఇంత తేలిగ్గా అయిపోయిందా అనుకుంది. తేలికే గాని, కాళ్ళలో పట్టులేని ఒళ్ళు కదా, లేపటం కష్టమైంది. మర్నాడే సెలవు పెట్టి, అక్క పనిచేసే ఆసుపత్రిలోనే కండరాల జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. నడిపించి చూసింది, నేల మీద కూర్చోబెట్టి లేవమంది, వీపు మీద రెక్కల్లా పొడుచుకొచ్చిన ఎముకలను వేళ్ళతో తడిమింది. రక్తం తీశారు, పోల్చటానికి చెల్లెలిదీ తీశారు. తొడ కండలోంచి చిన్న ముక్క తీశారు. ఫలితాలు రావటానికి చాలా వారాలు పట్టింది. అవి వచ్చాక ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది.

"మన కండంతా సన్నటి పోగులండీ. ఒక్కో పోగు అంచునా కొన్ని మూలకణాలు అతుక్కుని ఉంటాయి. మామూలప్పుడు అవి నిద్రపోతుంటాయి. బరువెత్తినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో పోగు చిట్లితే నిద్రలేస్తాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. వాటిలో కొన్ని వెళ్ళి చిట్లిన పోగులో కలిసిపోయి దాన్ని బాగుచేస్తాయి. ఇంకొన్ని కలవకుండా వెనక్కొచ్చి మళ్ళీ నిద్రపోతాయి, రేపటి దెబ్బ కోసం. అలా కొన్ని వెనక్కి రావాలంటే ఒక జన్యువు సరిగా పనిచెయ్యాలి. ఈవిడలో అది సరిగా లేదు."

"లేకపోతే ఏమవుతుందండీ?" అన్నాడు తాళాలాయన.

"లేచినవన్నీ పోగుల్లో కలిసిపోతున్నాయి. వెనక్కొచ్చి పడుకునేవి చాలా తక్కువ. చాలా ఏళ్ళు ఏమీ తెలియదు, కండ బాగానే ఉంటుంది. నిల్వ అయిపోవచ్చేటప్పటికి బయటపడుతుంది. ఇప్పుడు పోగు చిట్లితే బాగుచేసేవాళ్ళు లేరు. ఆ చోట కొవ్వు చేరుతోంది, మచ్చ కడుతోంది."

"విత్తనాలక్కూడా ఉంచకుండా వండుకు తిన్నట్టు," అన్నాడాయన మెల్లగా.

"అవునండీ. అలాంటిదే."

క్రేనక్క తన అరచేతులు చూసుకుంటూ, "ఇది నాకెక్కడి నుంచి వచ్చింది డాక్టరమ్మా? మావాళ్ళెవరికీ లేదే," అంది.

"మీ అమ్మగారిలో ఆ జన్యువు ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. నాన్నగారిలోనూ అంతే. ఒక మంచిది ఉంటే చాలు, మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. వాళ్ళకి తెలిసే అవకాశమే లేదు. మీకు ఇద్దరి దగ్గర్నుంచీ చెడ్డదే వచ్చింది."

"మరి దీనికి?" చెల్లెలి వైపు చూపించింది.

"ఆవిడ రక్తం కూడా చూశాం, ఆవిడకి ఒకటే చెడ్డది. ఏమీ కాదు."

క్రేనక్క గట్టిగా ఊపిరి వదిలి, "హమ్మయ్య," అంది. చెల్లెలు మాత్రం తల వంచుకుంది. చెయ్యని దొంగతనానికి పట్టుబడ్డట్టు అనిపించిందట ఆమెకు, తర్వాత చెప్పింది.

తాళాలాయన అప్పటి దాకా గొంతులో ఆపుకున్నది అడిగాడు. "మెట్లెక్కించాను డాక్టరమ్మా. రోజూ. బరువులెత్తించాను. అదీ..."

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "మీకెవరూ చెప్పలేదు. చెయ్యమనే చెప్పారు. ఇకమీదట మాత్రం వద్దు. తేలిగ్గా కదలటం మంచిదే, మంట పుట్టేదాకా వద్దు," అంది. ఆమె అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆయనకు అర్థమైంది.

ఇంటికి వచ్చాక ఆయన బడ్డీకి వెళ్ళలేదు. ఇసుక సీసాలు పట్టుకుపోయి వీధి చివర గుమ్మరించి వచ్చి, గుమ్మంలో కూర్చున్నాడు.

"ఏమయ్యా, లోపలికి రావా?"

"నేనే నిన్ను తినేశానే."

"ఒక్కడివే ఎలా తింటావు? ఇన్నేళ్ళూ ఆ తడిబట్టలు లాగింది ఎవరు, మా తాతా? ఇద్దరు రావాల్సిన చోట ఒక్కత్తినే పోయానే, అదెవరి పొగరు?"

"నీకు తెలీదు కదా."

"నీకు తెలుసా మరి?" అని గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. "తెలిసినా ఎత్తేదాన్నేమోనయ్యా. ఎత్తకుండా మూల కూర్చుంటే నేను నేనెలా అవుతాను?"

ఆ నెలలోనే మెట్లు లేని ఇంటికి మారారు. తాళాలాయన తన పనిముట్లన్నీ ఇంటికే తెచ్చాడు. గోడల పొడుగునా ఇనుప గొట్టాలు బిగించాడు. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి, ఆమె కాళ్ళు జారవేస్తే నిలబడగలిగే ఎత్తుకు తెచ్చాడు. తలుపు గొళ్ళేలన్నీ ఆమె చేయి అందేంత కిందికి దించాడు. చూడటానికి వచ్చిన చెల్లెలు, "ఇల్లు ఒక మెట్టు కిందికి కుంగినట్టుంది బావా," అంది. "మీ అక్క పొడుగు తగ్గింది కదా, ఇల్లూ తగ్గింది," అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు. వంటింట్లో నుంచి క్రేనక్క, "నా మీద ఏం జోకులేస్తున్నారక్కడ? నేనూ వింటా, గట్టిగా చెప్పండి," అని కేకేసింది.

సూపర్వైజరు మంచివాడు. ఆమెను మడతలు పెట్టే బల్ల దగ్గరికి మార్చాడు. కొన్నాళ్ళు కూర్చుని గలీబులు మడతపెట్టింది. తర్వాత చేతులు బల్ల ఎత్తుకు లేవటం మానేశాయి. పని మానుకున్న రోజున ఆడవాళ్ళు ఆమె చక్రాల కుర్చీని యంత్రాల దగ్గరికి తోసుకుపోయారు. ఇద్దరు అమ్మాయిలు ఆమె ముందే తడి ముద్ద లాగబోయి ఆయాసపడ్డారు. "చేతులతో కాదే, కాలు తన్నిపెట్టు, నడుముతో లాగు," అని ఆమె కుర్చీలోంచి అరిచింది. వాళ్ళు లాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరితోపాటు తానూ కొడదామనుకుంటే రెండు చేతులూ ఒకచోటికి రాలేదు. పక్కనున్న సూపర్వైజరు అది చూసి మొహం తిప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే డాక్టరమ్మ చెల్లెలిని ఒక కోరిక కోరింది. తామంతా ఆ జన్యువు మీద ప్రయోగశాలలో పనిచేస్తున్నామనీ, అక్క కండలోని కణాలను గాజుపళ్ళేల్లో పెంచుతున్నామనీ, వాటిని పోల్చి చూడటానికి అదే ఇంట్లో పుట్టిన మనిషి కండ ముక్క ఒకటి కావాలనీ చెప్పింది. చెల్లెలు మారుమాట లేకుండా ఒప్పుకుంది. ఆ వారమంతా బస్సులో కుంటుతూ టికెట్లు కొట్టింది. ఆ కుంటుడు తగ్గినకొద్దీ ఆమెకు ఏడుపు వచ్చేది. తగ్గుతోందంటే లోపల ఏం జరుగుతోందో ఇప్పుడు తెలుసు.

తర్వాత ఒకసారి డాక్టరమ్మ ఆమెను ప్రయోగశాలకు తీసుకుపోయి సూక్ష్మదర్శినిలో చూపించింది. చెల్లెలి పళ్ళెం కిక్కిరిసి ఉంది. సన్నటి కణాలు ఒకే దిక్కుకు తలలు పెట్టి, ఒకదాని పక్కన ఒకటి చేరి, కలిసిపోయి, పొడవాటి పోగులవుతున్నాయి. వాటి మధ్య అక్కడక్కడ కలవకుండా విడిగా ఉండిపోయినవి. "అవే, వెనక్కొచ్చి పడుకున్నవి," అంది డాక్టరమ్మ. అక్క పళ్ళెంలో నాలుగు బక్క పోగులున్నాయి. చుట్టూ అంతా ఖాళీ.

చెల్లెలు సూక్ష్మదర్శిని మీంచి కళ్ళు తీసి నిలబడింది. "ఇవి ఇన్నున్నాయి కదండీ నావి. తీసి అక్కకి పెట్టెయ్యండి."

"కుదరదమ్మా."

"ఎందుకు కుదరదు? రక్తం ఎక్కిస్తున్నారు, కిడ్నీ ఇస్తున్నారు. అదే అమ్మ కడుపున పుట్టాను. ఇంకో ముక్క కొయ్యండి, రెండు తొడలూ కొయ్యండి."

"అలాంటివి చేసి చూశారమ్మా. పక్కవాళ్ళ కణాల్ని ఒళ్ళు ఒప్పుకోదు. మందులతో ఒప్పించినా, సూదితో ఎక్కించినవి చాలావరకు చచ్చిపోతాయి. బతికినవి గుచ్చిన చోటే ఉండిపోతాయి, పక్కకి కదలవు. ఒళ్ళంతా కండే కదా, ఎన్ని చోట్లని గుచ్చుతాం? ఊపిరి తీసే కండని ఎలా గుచ్చుతాం?"

"మరి మీరు చేస్తున్నదేంటి ఇక్కడ?"

"ఆవిడ కణాల్లోనే ఆ జన్యువుని సరిచెయ్యాలని చూస్తున్నాం. పళ్ళెంలో."

"ఎప్పటికవుతుంది?"

"చెప్పలేను." ఆమె చెల్లెలి ముఖంలోకి చూసింది. "అబద్ధం చెప్పనమ్మా. మీ అక్కకి అందే టైముకి రాదు."

చెల్లెలు తలుపు దడేల్మని వేసి వచ్చేసింది. అక్క దగ్గరికి వచ్చి అంతా చెప్పి ఏడ్చింది. క్రేనక్క ఆమె తల నిమురుదామనుకుంది గాని చేయి లేవదు. "ఇలా రా, నా చేతి కిందకి రా," అంది. చెల్లెలు మంచం పక్కన కూర్చుని అక్క చేతిని తనే ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

"పిచ్చిదానా. నీ కండ నాకు పెడితే నేను బస్సులో జనాన్ని 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అంటూ తిరుగుతా. మీ బావ పారిపోతాడు."

"నీకు నవ్వెలా వస్తుందే?"

"మొహంలో కండ ఇంకా ఉంది. ఉన్నంతవరకు నవ్వుతా."

కొద్దిరోజులకు డాక్టరమ్మే ఇంటికి వచ్చింది. క్రేనక్క కణాలను ఇకముందు కూడా ఉంచుకోవచ్చా అని అడగటానికి. తాళాలాయన టీ పెట్టి తెచ్చేసరికి మాట సగంలో ఉంది.

"నేను పోయాక కూడానా?"

"అవునమ్మా. గడ్డకట్టించి దాస్తాం. కావలసినప్పుడు తీసి పెంచుతాం."

క్రేనక్క ఆలోచించింది. "వాటికి తెలుస్తుందా, నేను లేనని?"

"తెలీదు."

"అయితే ఉంచుకోండి. ఊరికే మాత్రం కూర్చోబెట్టకండి, నాకు నచ్చదు." డాక్టరమ్మ నవ్వబోయి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

తర్వాతి రెండేళ్ళూ దిగుడే. మింగటం కష్టమైంది. పడుకుంటే ఊపిరి చాలక ముఖానికి గాలి గొట్టం పెట్టుకోవాల్సి వచ్చింది. తాళాలాయన బడ్డీ మూసి, ఇంటి అరుగు మీదే మారుతాళాలు చేసేవాడు. ఆకురాయి చప్పుడు వినిపించినంతసేపూ ఆమె నిశ్చింతగా ఉండేది. ఆగితే, "ఏమయ్యా?" అనేది. "ఇక్కడే ఉన్నానోయ్," అని ఆయన మళ్ళీ అరగదీయటం మొదలుపెట్టేవాడు. ఆమెను లేపటం, కూర్చోబెట్టటం, పక్కకు తిప్పటం ఆయన చేతుల మీదే. ఆయన సన్నటి మనిషి. ఆ ఎత్తటంలో ఆయన భుజాలు గట్టిపడ్డాయి, మెడ లావైంది. ఒకసారి ఆమె చూసి, "చూడు, ఎలా తయారయ్యావో! నాది తీసి నీకు పెట్టినట్టుంది," అంది. మెచ్చుకోలుగానే అంది. ఆయన మాత్రం పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

వానాకాలం జలుబు చేసింది. మామూలు జలుబే. దగ్గటానికి బలం కావాలి, అది లేదు. కఫం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో చేర్చారు. భోజనాల వేళ సెల్లారు ఆడవాళ్ళు వంతులవారీగా పైకి వచ్చి చూసిపోయారు. ఒకామె మంచం మీది దుప్పటి తీసేసి, అప్పుడే ఇస్త్రీ యంత్రంలోంచి వచ్చినది, వెచ్చగా ఉన్నది కప్పింది. క్రేనక్క కళ్ళతోనే నవ్వింది. మాట అప్పటికే పోయింది.

మర్నాటి మధ్యాహ్నం ఆమె పోయింది. తాళాలాయన పక్కనే ఉన్నాడు. చెల్లెలు బస్సులో ఉంది. సంచీలో ఫోను మోగింది, తీసింది, వింది. బస్సు నిండా జనం. ఎవరో చిల్లర కోసం చేయి చాపారు. ఆమె ఇచ్చింది. తర్వాతివాళ్ళకు టికెట్ ఇచ్చింది. చివరి స్టాపు దాకా ఇస్తూనే ఉంది. అందరూ దిగిపోయాక డ్రైవరు అద్దంలో చూసి, "ఏంటమ్మా, ఏమైంది?" అని లేచి వచ్చాడు. అప్పుడు ఆమె సీట్ల మధ్య నేల మీద కూర్చుండిపోయింది.

ఏడాది దాటాక డాక్టరమ్మ ఫోను చేసింది. చెల్లెలు బావను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆయన ప్రయోగశాల తలుపు దగ్గరే ఆగిపోయాడు. "నువ్వు చూసి రా అమ్మాయ్. నేనిక్కడుంటా."

లోపల డాక్టరమ్మ కూర్చోమని కూడా అనకుండా చెప్పేసింది. "ఆవిడ కణాల్లో జన్యువుని సరిచెయ్యగలిగాం. అవి పెరిగి పోగులయ్యాయి. కావాలని ఆ పోగుల్ని దెబ్బతీసి చూశాం. బాగయ్యాయి. బాగయ్యాక కొన్ని కణాలు వెనక్కొచ్చి పడుకున్నాయి. మళ్ళీ దెబ్బతీశాం, మళ్ళీ లేచాయి. మందవటానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. అయినా మొదటిసారి ఇంతదూరం వచ్చాం. మీకు చెప్పాలనిపించింది."

చెల్లెలు చూసింది. పళ్ళెం నిండా పోగులు. చూస్తుండగానే అందులో ఒకటి చటుక్కున ముడుచుకుని వదులైంది. పక్కది కూడా. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "బావా! బావా, ఇలా రా, కదులుతోంది!" అని పిలిచింది.

తాళాలాయన వచ్చాడు. వంగి, ఒక కన్ను మూసి, తాళం కన్నంలోకి చూసేవాడిలా చూశాడు.

"నొప్పెడుతుందా దానికి?" అని అడిగాడు తల ఎత్తకుండానే.

"లేదండీ. నరాలుండవు."

"బాగా కదులుతోంది," అన్నాడు. కాసేపటికి నిటారుగా నిలబడ్డాడు. "సరిచెయ్యనివి కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి. పోల్చటానికి పక్కనే పెంచుతాం."

"ఒకసారి చూపిస్తారా?"

డాక్టరమ్మ పళ్ళెం మార్చింది. ఆయన మళ్ళీ వంగాడు. నాలుగు బక్క పోగులు, చుట్టూ ఖాళీ. కదలిక లేదు. ఆయన రెండు చేతులూ బల్లకు ఆన్చి, కన్ను మార్చుకుంటూ చూస్తూనే ఉన్నాడు. చెల్లెలు డాక్టరమ్మ వైపు చూసింది.

"ఇది మా ఆవిడ," అన్నాడాయన చివరికి.

ఇంకాసేపు చూసి, పళ్ళెం జాగ్రత్తగా లోపల పెట్టమని చెప్పి, మరదలి భుజం పట్టుకుని మెట్లు దిగాడు. ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ ఉంది. ఆయన అదే బస్సెక్కి, వెనక సీట్లో కూర్చుని, ఇల్లు దాటిపోయినా దిగకుండా ఆ సాయంత్రమంతా ఆమెతోనే తిరిగాడు.